చెన్నపురి పుస్తకాల అంగళ్ళు

పాత తెలుగు పుస్తకమేదైనా చేతికి వచ్చినప్పుడు దాని ముఖపత్రం అడుగుభాగం ఒకసారి చూడండి. పెక్కు పుస్తకాలలో అక్కడ ‘చెన్నపురి’ అనే మాట కనబడుతుంది. మన పురాణాలు, ప్రబంధాలు, నిఘంటువులు, వ్యాకరణాలు, బడిపిల్లల వాచకాలు ఎన్నో ఆ ఊరి ముద్రణాలయాలలో పుట్టి, ఆ ఊరి అంగళ్ళ మీదుగానే ఆంధ్రదేశానికి వచ్చినవి. ఆ నగరం ఒకప్పుడు మద్రాసు. 1996లో చెన్నై అయినది. నాకు మాత్రం ముఖపత్రాల మీది ఆ పాతపేరే ఇష్టం. ఆ పేరు చూచినప్పుడల్లా నా కంటి ముందు సముద్రం నిలువదు, హైకోర్టు గోపురాలు నిలువవు. పుస్తకాల అంగళ్ళు నిలుస్తవి.

పైచదువు నిమిత్తం 1975లో ఆ నగరం చేరినాను. తరువాత ఒక చిన్న ఉద్యోగం దొరకగా మొత్తం పదమూడేండ్లు అక్కడనే గడిపినాను. ఆ కాలంలో నేను అద్దెకున్న ఇళ్ళు అయిదు. వాటిలో ఒక్కదాని తలుపు రంగైనా నాకిప్పుడు జ్ఞాపకం లేదు. ఏ అంగడిలో ఏ మూల నిలిచి ఏ పుస్తకం చదివినానో అది మాత్రం చెప్పగలను.

తెలుగువాడు చెన్నపురి అంగళ్ళను తలచుకొన్నప్పుడు వావిళ్ళ వారితో మొదలుపెట్టుట మర్యాద. వావిళ్ళ రామస్వామిశాస్త్రులుగారు 1854లో ఆరంభించిన ఆ సంస్థను వారి కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారు పెంచి పెద్దచేసినారు. తాటాకులలో ఉన్న కావ్యాలను పండితులచేత పరిష్కరింపజేసి, సామాన్యుని చేతికి అందించినవారు వారు. వారిది వ్యాపారమే గాని వట్టి వ్యాపారం కాదు. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించగా 1910లో వారు ప్రకటించినారు. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం దానిని నిషేధించినది. ఆ నిషేధం తొలగుటకు ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చేదాకా వేచి ఉండవలసి వచ్చినది. పిమ్మట వారే దానిని మరల అచ్చువేసినారు. ఒక పుస్తకాన్ని అమ్మకూడదంటే ముప్పదియేండ్లకు మించి మరచిపోకుండా ఉన్న అంగడి అది.

ఆ నగరంనుండే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1926లో ఆంధ్రగ్రంథమాలను ఆరంభించి, మంచి పుస్తకాలను చౌకవెలకు పల్లెటూళ్ళ దాకా పంపినారు. 1953లో ఆంధ్రరాష్ట్రం వేరుపడిన పిమ్మట తెలుగు ప్రచురణ మెల్లమెల్లగా బెజవాడకు తరలినది. అందుచేత నేను చెన్నపురి చేరే నాటికి ఆ వైభవం గతించినది. పండుగ అయిపోయిన ఇంటికి వచ్చిన చుట్టం వంటివాడను నేను. కాని పండుగ అయిన ఇంట్లో అరిసెలు కొన్నాళ్ళు మిగిలి ఉంటవి గదా! ఆ మిగిలినవి దొరికే చోటు మూర్ మార్కెట్టు అని నాకు త్వరలోనే తెలిసినది.

దానికి ముందు మౌంటు రోడ్డు మాట ఒకటి చెప్పవలెను. అక్కడి హిగిన్‌బాథమ్స్ 1844లో పుట్టినది. దాని తెల్లని భవనం 1904 నాటిది, ఇప్పటికిన్నీ ఉన్నది. ఎత్తైన కప్పు, వరుసలుగా కొయ్య బీరువాలు, నేల మీద నలుపు తెలుపు రాళ్ళు. దివిసీమ పల్లెలో పుట్టిన నేను మొదటిసారి అందులో అడుగుపెట్టినప్పుడు చెప్పులు బయట విడువవలెనేమో అని ఒక క్షణం తటపటాయించినాను. జేబులో పైసలు లేనివాడు అక్కడ తిరుగాడవచ్చునని నాకు తోచలేదు. కాని ఎవరూ నన్ను ఏమీ అడుగలేదు. ఒక నవలను నాలుగు శనివారాలలో నిలువుకాళ్ళ మీద చదివి పూర్తిచేసినాను. అయిదవ శనివారం అక్కడి గుమాస్తా ఒకాయన, ‘రెండవ భాగం ఆ పై వరుసలో ఉన్నది’ అని మాత్రం చెప్పి తన పనిలో మునిగినాడు. ఆనాడు నాకు కలిగిన సిగ్గు, దానికి మించిన సంతోషం ఇప్పటికిన్నీ మరువలేదు.

మైలాపూరులో లజ్ చేరువను కాలిబాట మీద పాతపుస్తకాలు పేర్చి అమ్మేవారు ఉండేవారు. ఎండకు గోనెపట్టా, వానకు రబ్బరు గుడ్డ. అంతే ఆ అంగడి. వానచినుకు పడగానే, ఎవరు ఎవరో తెలియకపోయినా, కొనవచ్చినవారందరూ కలిసి పుస్తకాలను గుడ్డ కిందికి చేర్చేవారు. అంగడి ఎవరిదైనా పుస్తకాలు అందరివీ అన్నట్లుండేది.

ఇక మూర్ మార్కెట్టు. నగరపాలక సంస్థకు అధ్యక్షుడుగా ఉన్న సర్ జార్జి మూర్ పేరిట 1900లో తెరచిన బజారు అది. సెంట్రల్ స్టేషను పక్కనే ఎర్రని ఇటుకల భవనం. నడుమ ఖాళీ, చుట్టూ వసారాలు. అందులో దొరకని వస్తువు లేదు. చిలుకలు, కుందేళ్ళు, గ్రామఫోను పలకలు, చెడిన గడియారాలు, తాళాలు లేని పెట్టెలు, పెట్టెలు లేని తాళాలు. వీటన్నిటి మధ్య పాతపుస్తకాల అంగళ్ళు. దివంగతులైన వకీళ్ళ న్యాయశాస్త్రాలు, ఊరు విడిచిపోయిన దొరల యాత్రాగ్రంథాలు, పరీక్ష తప్పిన విద్యార్థుల గణితం అక్కడ ఒకే కట్టలో చేరేవి. బెజవాడ వైపు రైళ్ళన్నీ పక్కనే బయలుదేరేవి గనుక, ఊరికి పోయే ప్రతి తెలుగు విద్యార్థిన్నీ రైలుకు గంట ముందు వచ్చి ఆ వసారాలలో తిరిగేవాడు. రైలు తప్పిపోయినవారు కూడా కద్దు. నేను రెండుసార్లు తప్పినాను.

అక్కడ ఒక పెద్దాయన అంగడి నా అంగడి. ఆయన తమిళుడు. తెలుగు మాట్లాడుట వచ్చును, అక్షరాలు రావు. అయినా తెలుగు పండితునికి పనికివచ్చే పుస్తకమేదో ఆయన ఇట్టే పట్టేవాడు. రహస్యమేమిటని అడిగినాను.

‘అంచులు చూడు తంబీ. వేలి మరకలు పడిన పుస్తకం చదివిన పుస్తకం. ఒకరు అంతగా చదివినదాన్ని ఇంకొకరు కూడా చదువుతారు’ అన్నాడు.

1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినది. సుమారు పదివేలమంది ప్రాణాలు పోయినవి. మా నాన్నగారు అక్కడి ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులు. ఆయన, మా అమ్మ బడి మేడ మీదికి చేరి బ్రతికినారు. నేను చెన్నపురినుండి ఇల్లు చేరుటకు వారం రోజులు పట్టినది. దారిలో చూచినది వ్రాయను. మా పెంకుటింటి గోడలు నిలిచినవి. గోడగూళ్ళలో ఉన్న నాన్నగారి పుస్తకాలు, ముప్పది సంవత్సరాల జీతంలోనుండి కూడబెట్టినవి, ఉప్పునీట నాని ముద్దలై బురదలో కలిసిపోయినవి.

ఆయన వాటి మాట ఎత్తలేదు. వీధిలో ప్రతి ఇంటా మనుషులు పోయినారు. అట్టి చోట పుస్తకాలు పోయినవని బ్రతికినవాడు ఎట్లా అంటాడు? కాని ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే ఆయన చేయి అలవాటు చొప్పున వెనుకటి గూటివైపు పోయేది. సగం దూరంలో ఆగి, మరల ఒడిలోకి వచ్చేది. ఆ చేయి చూడలేక నేను చెన్నపురికి తిరిగివచ్చినాను.

మరుసటి సంవత్సరం ఆరంభంలో ఒకనాడు పెద్దాయన అంగడిలో వసుచరిత్ర ఒకటి వావిళ్ళవారి అచ్చు కనబడినది. వెల రెండు రూపాయలు. తీసుకొన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూచి అడిగినాడు:

‘నీ వయసువాడు చదివేది కాదే ఇది. ఎవరికి తంబీ?’

చెప్పినాను. ఆ సంగతి ఎవరికైనా చెప్పుట అదే మొదలు. ఆయన ఓదార్పుమాట ఒక్కటైనా అనలేదు. మా నాన్నగారి పుస్తకాలలో ఏమేమి ఉండేవో ఒక కాగితం మీద వ్రాసి ఇమ్మన్నాడు. అక్షరాలు రాని ఆయనకు ఆ జాబితా ఎందుకని అడుగబోయి మానుకొన్నాను. తరువాత తెలిసినది. తెలుగు కట్ట ఏది వచ్చినా ఆయన ఆ కాగితం పక్కన పెట్టుకొని, పుస్తకం మీది అక్షరాలను నా అక్షరాలతో ఒక్కొక్కటే బొమ్మలు పోల్చినట్లు పోల్చి చూచేవాడు. సరిపోయినవాటిని వేరే పెట్టేవాడు. వాటిని ‘వాధ్యారు పుస్తకాలు’ అనేవాడు. వాధ్యారంటే వారి భాషలో మేష్టరు.

అట్లా ఏడేండ్లలో నలుబదికి పైగా పుస్తకాలు మా ఇంటికి చేరినవి. జీతం రాని రోజులలో ఆయన అరువు ఇచ్చేవాడు. అట్టలు ఊడిన ఒక ఖాతాపుస్తకంలో తమిళంలో వ్రాసుకొనేవాడు. వడ్డీ లేదు, గడువు లేదు, సంతకం లేదు. నాన్నగారు ప్రతి పుస్తకం మొదటి పుటలో తమ పేరు, తేదీ వ్రాసుకొని, దాని కింద ‘మూర్ మార్కెట్టునుండి’ అని వ్రాసేవారు. ముందున్న యజమాని పేరును ఎన్నడూ కొట్టివేయలేదు. ‘మనకంటె ముందు చదివినవారు మనకు అన్నగారి వంటివారు’ అనేవారు.

జాబితాలో ముఖ్యమైనది ఒకటి దొరకలేదు. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరము. ఆ నిఘంటువు 1885లో చెన్నపురిలోనే వెలువడినది. నాన్నగారి చేయి గూటివైపు పోయేది దానికోసమే.

1985 ఏప్రిల్‌లో అది వచ్చినది. పాత ముద్రణ. వీపు అతుకు వేసి ఉన్నది. అంచుల నిండా వేలి మరకలు. వెల అరువది రూపాయలు. అప్పటికే ఖాతాలో నా బాకీ ముప్పదియైదు. జేబులో ఉన్నవి ఊరికి పోవుటకు రైలు ఛార్జీలు మాత్రమే.

‘తీసుకుపో తంబీ. వాధ్యారు చూసుకోనీ. డబ్బు తరువాత’ అన్నాడాయన.

నాకు అభిమానం అడ్డువచ్చినది. పాత బాకీ తీర్చకుండా అంత పెద్దమొత్తం మరల అరువు పెట్టుట నామోషీ అనిపించినది. ‘వద్దయ్యా. జూన్‌లో రెండూ కలిపి ఇచ్చి తీసుకొంటాను. ఉంచండి’ అన్నాను. ఆయన మరొకమాట అనలేదు. నిఘంటువును వార్తాపత్రికలో చుట్టి, పురి కట్టి, అన్నిటికంటె పై బల్ల మీద పెట్టినాడు. ఊళ్ళో నాన్నగారికి ఆ సంగతి చెప్పలేదు. జూన్‌లో చేతికిచ్చి ఆశ్చర్యపరచవలెనని నా ఊహ.

మే 30న మూర్ మార్కెట్టు కాలిపోయినది.

ఊళ్ళో ఉండగా ఆ వార్త పత్రికలో చూచినాను. అప్పుడు నాన్నగారికి అంతా చెప్పవలసి వచ్చినది. ఆయన నిఘంటువు మాట అడుగలేదు. ‘ఆయనకు ఏమీ కాలేదు గదా? అంగడిలో పిల్లలెవరైనా పడుకొనేవారా?’ అని అడిగినారు. నాకు తెలియదన్నాను. ‘ముందు పోయి అది తెలుసుకో’ అన్నారు.

నేను పోయేసరికి ఎర్రగోడలు నల్లబడి ఉన్నవి. పెద్దాయన సమీపాన కాలిబాట మీద గోనె పరచి, ఇరువది ముప్పది పుస్తకాలు పెట్టుకొని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి నిలిచి, తన అంగడి పోయినదని అనలేదు. ‘వాధ్యారు పుస్తకం పోయింది తంబీ’ అన్నాడు.

బాకీ ముప్పదియైదు రూపాయలు తీసి ఇచ్చినాను. ఖాతాపుస్తకం కాలిపోయినదనీ, ఎవరు ఎంత ఇవ్వవలెనో తనకు జ్ఞాపకం లేదనీ అన్నాడు. నాకు జ్ఞాపకమున్నదన్నాను. లెక్కపెట్టుకొని చొక్కా లోపలి జేబులో వేసుకొన్నాడు. చాలాసేపు ఇద్దరమూ ఊరక కూర్చున్నాము.

అప్పుడు నా మనస్సుకు తట్టిన మాట ఈనాటికిన్నీ వదలలేదు. ఆయన నన్ను నమ్మినంతగా నేను ఆయనను నమ్మి ఉంటే ఆ నిఘంటువు మా ఇంట్లో ఉండేది. అరువు పెట్టువాడు మనలను నమ్ముతున్నాడు. ఆ నమ్మకాన్ని తీసుకొనుటకు కూడా మనకు కొంత మంచితనం కావలెను. నాకు అది చాలలేదు. నేను అభిమానమనుకొన్నది నిజానికి లోభమే. పుస్తకాల అంగడి నడిచేది వెలల మీద కాదు, ఈ ఇచ్చిపుచ్చుకొనే నమ్మకం మీద అని నేను అంత ఖరీదు పెట్టి నేర్చుకొన్నాను.

సంగతి నాన్నగారికి జాబు వ్రాసినాను. పదిరోజులకు రైలు పార్సెలులో ఒక పెట్టె వచ్చినది. అందులో పదునాలుగు పుస్తకాలు. అన్నీ ఆ పెద్దాయన దగ్గర కొన్నవే. వెంట ఒక చీటీ: ‘ఇవి నేను రెండేసిమార్లు చదివినాను. మరల అంగడి పెట్టుటకు ఆయనకు సరుకు కావలెను. వెల తీసుకోవద్దు. శబ్దరత్నాకరము కోసం విచారించవద్దు. దానిలో సగం నాకు నోటికి వచ్చును.’

ఆ పెట్టెను పెద్దాయన ముందు దింపి, చీటీ చదివి తమిళంలో అర్థం చెప్పినాను. కండ్లనీళ్ళు పెట్టుకొంటాడేమో అని భయపడినాను. పెట్టుకోలేదు. ఒక్కొక్క పుస్తకం తీసి, అంచులు చూచి, చెవి వెనుక ఉన్న పెన్సిలుతో మొదటి పుట మూల వెల వేసినాడు, నాన్నగారి పేరుకు తగులకుండా. తరువాత గోనె మీద వరుసగా పేర్చినాడు. సరుకును సరుకుగా స్వీకరించుటే ఆ ఇచ్చిన చేతికి ఆయన చూపిన గౌరవం. నేను అక్కడ ఉండగానే ఎవరో ఒక తెలుగు యువకుడు రైలు సంచి భుజాన వేసుకొని వచ్చి, వసుచరిత్ర తిరుగవేసి చూచి, మూడు రూపాయలకు కొనుక్కొని సెంట్రల్ వైపు నడచినాడు. నన్ను నేను చూచుకొన్నట్లయినది.

మూర్ మార్కెట్టు వర్తకులకు పిమ్మట అల్లిక్కుళం దగ్గర కట్టిన భవనంలో చోటు ఇచ్చినారు. పెద్దాయన అక్కడ కొన్నాళ్ళు అంగడి నడిపినాడు. 1988లో నాకు హైదరాబాదుకు బదిలీ అయినది. మరల పోయినప్పుడు ఆ అంగడిలో వేరొకరు ఉన్నారు. కాలిన బజారు స్థలంలో రైల్వేవారు స్థానిక రైళ్ళకు స్టేషను కట్టినారు. దానికి మూర్ మార్కెట్టు కాంప్లెక్సు అనే పేరు ఉన్నది. ఆవరణలో పాత భవనానికి ఒక చిన్న నమూనా కూడా నిలిపినారు. నిత్యం ఆ మార్గాన పోయేవారిలో ఎందరికి ఆ పేరు వెనుక చిలుకలు, గ్రామఫోను పలకలు, పుస్తకాలు వినబడుతవో!

హైదరాబాదులో ఆదివారంనాడు ఆబిడ్సు కాలిబాటల మీద పరచిన పాతపుస్తకాల నడుమ నేను తిరిగిన గంటలకు లెక్కలేదు. మూసిన దుకాణాల గుమ్మాల ముందు ఆ ఒక్కరోజు తెరుచుకొనే అంగళ్ళవి. అక్కడ కూడా అంచులే చూచేవాడను.

శబ్దరత్నాకరము ఈనాడు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నది. మాట కొట్టగానే అర్థం వస్తుంది. అది గొప్ప మేలు. ఉప్పెన తడుపలేదు, నిప్పు కాల్చలేదు. దానిని తెరచినప్పుడల్లా ఆ పని చేసినవారికి మనస్సులో నమస్కరిస్తాను. అయితే యంత్రం మనం అడిగినది ఇస్తుంది. అంగడివాడు మనం ఎవరికోసం అడుగుతున్నామో అడిగినాడు. ఆ రెంటికీ గల భేదం చెప్పుటకే ఇంత వ్రాసినాను.

నాన్నగారు 1994లో గతించినారు. ఆయన పుస్తకాలు నా దగ్గర ఉన్నవి. పదునాలుగు మాత్రం ఎక్కడెక్కడో ఉన్నవి. చదువరులలో ఎవరి ఇంటనైనా ఒక పాత ప్రబంధం మొదటి పుటలో ఒక పేరు, ఒక తేదీ, దాని కింద ‘మూర్ మార్కెట్టునుండి’ అనే మాట, మూలగా పెన్సిలుతో వేసిన వెల కనబడితే, దానిని నాకు తిరిగి పంపవద్దు. ఆ పేరు కింద మీ పేరు వ్రాసుకొనండి. చదివి, అంచుల మీద మీ వేలి మరకలు కూడా ఉంచి, మరొకరికి ఇవ్వండి.